కోటగోడ నుంచి కంప దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అడ్డుగా నిలిచే వాటి పేర్ల మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. కోటల గురించి అడుగుతారనుకుంటే వరద కట్టల గురించి, పందుల గురించి కూడా అడిగారు. మంచిదే. ఈ మాటలు బతికున్నది పుస్తకాల్లో కంటే పొలాల్లోనే.

ప్రశ్న: మా బడి పిల్లల్ని ఉదయగిరి కోటకు తీసుకెళుతున్నాం. ప్రతిదాన్నీ ‘కోటగోడ’ అనే చెబుతున్నాం. దేన్ని ఏమనాలి? (ఉదయగిరి నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: బయటి నుంచి లోపలికి నడుస్తూ చెప్పుకుందాం, మాస్టారూ. నేల మీది కోటయితే ముందు తగిలేది అగడ్త. కందకం, పరిఖ అన్నా అదే. ఈ మూడు మాటలూ మూడు భాషల నుంచి వచ్చినా మూడింటి అర్థమూ ‘తవ్వినది’ అనే. అగడ్త మన ద్రావిడ మాట. తమిళంలో అగళ్ అంటే తవ్వడం, అగళి అంటే అగడ్త. పరిఖ సంస్కృతం, చుట్టూ తవ్వినదని. పారసీకంలో ‘తవ్విన’ అనే మాట అరబ్బీలో ఖందక్ అయింది, అదే మనకు కందకమైంది. అగడ్తలో నీళ్లుండే తీరాలని లేదు. ఎండు అగడ్తలూ ఉంటాయి. దిగినవాడు పైకెక్కేలోపు గోడ మీదివాళ్లకు దొరికిపోతే చాలు.

తవ్విన మట్టి ఎటు పోశారో పిల్లలకు తప్పకుండా చూపించండి. కోట అగడ్తలో మట్టి లోపలి వైపుకే పోస్తారు. ఆ మట్టి దిబ్బే వప్రం, దాని మీద లేచే గోడ ప్రాకారం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దీని కొలతలున్నాయి. దండం అంటే సుమారు ఆరడుగులు. ఒక దండం ఎడంతో మూడు అగడ్తలు, వెడల్పు వరసగా 14, 12, 10 దండాలు. అగడ్తకు నాలుగు దండాలు లోపలికి జరిగి, తవ్విన మట్టితోనే ఆరు దండాల ఎత్తు, అంతకు రెట్టింపు వెడల్పు వప్రం వేయాలి. అంటే వప్రం ఒక్కటే 36 అడుగుల ఎత్తు. దాన్ని ఏనుగులతో, ఎద్దులతో తొక్కించి గట్టిపరచి, ముళ్ల పొదలూ విషపు తీగలూ పెంచమన్నాడు. ఇప్పుడు రోడ్డు పనిలో రోలర్ చేసేది అప్పట్లో ఏనుగు కాళ్లు చేశాయన్నమాట.

ప్రాకారం అనే మాట ఇప్పుడు కోటను వదిలి గుడికి చేరింది. రంగనాయకుల గుడికి వెళ్లేవాళ్లు ప్రాకారం చుట్టి వచ్చామంటారు గానీ కోటకు మాత్రం మాటల్లో ఎక్కువగా కోటగోడ అనే అంటారు. అది తప్పేమీ కాదు.

గోడంటే రాతిదే అయి ఉండాలని పిల్లలు అనుకుంటారు. ఒకప్పుడు నెల్లూరు ఊరి చుట్టూ ఉన్నది మట్టి గోడే. వాకిలి, కొన్ని బురుజులు మాత్రమే రాతివి. 1757లో ఇంగ్లీషు సేన దాన్ని ముట్టడించి తీసుకోలేక తిరిగిపోయింది. గోడ పైన ఆరడుగుల రొమ్ము గోడ, దాంట్లో తుపాకులు పెట్టుకునే కన్నాలు. ఆ కన్నాలు చేసిన పద్ధతి చూడండి: మట్టి పచ్చిగా ఉండగానే కాల్చిన మట్టి గొట్టాలు అడ్డంగా పెట్టి, వాటి మీద ఇంకో వరస మట్టి వేసేవాళ్లు. ఎండాక గొట్టం గోడలో కలిసిపోయేది. ఎండిన గోడను తొలిస్తే చుట్టూ పెళ్లలు రాలుతాయి, ఇలా చేస్తే రాలవు. మట్టి గోడకు ఇంకో గుణం ఉంది. ఫిరంగి గుండు తగిలితే రాతి గోడ పగిలి కూలుతుంది, మందపాటి మట్టి గోడ గుండును మింగేస్తుంది. దానికి శత్రువు వాన. పైన కప్పు లేకుండా రెండు మూడు వానాకాలాలు వదిలేస్తే మట్టి గోడ మట్టిలోనే కలుస్తుంది. నెల్లూరు కోట పేరు ఇప్పుడు కోటమిట్ట అనే పేట పేరులో మిగిలింది.

గోడ నెత్తిన పళ్ల వరసలా కనిపించేవి కొమ్మలు. కోటకొమ్మ అంటే ఇదే, చెట్టు కొమ్మ కాదు. కొమ్మ చాటున నిలబడి, రెండు కొమ్మల నడిమి సందులోంచి కొట్టాలి. గోడ ముందుకు ఉబికి గుండ్రంగా వచ్చిన చోటు బురుజు. ఇది అరబ్బీ బుర్జ్. దీనికి మనకు ముందే ఉన్న మాట కొత్తళం. బురుజు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది, ఇప్పుడది ‘కోటలు కొత్తళాలు’ అనే జంటలోనే వినిపిస్తుంది. బురుజు ముందుకు ఎందుకు రావాలంటే, తిన్నని గోడ మీద నిలబడ్డవాడికి సరిగ్గా గోడ మొదట్లో ఉన్న శత్రువు కనపడడు. బురుజు మీద నుంచి చూస్తే గోడ పొడుగునా పక్కనుంచి కనపడతాడు. గుండ్రం ఎందుకంటే, చదరపు బురుజు మూల ముందు ఎవరి చూపూ పడని జాగా మిగిలిపోతుంది, పైగా గుండు తగిలితే ముందు రాలేది మూలే.

కోట వాకిలి గవని. తలుపులు మూశాక మనుషులు రాకపోకలు సాగించే చిన్న తలుపు దిడ్డి. వంగి, ఒక్కొక్కరే దూరాలి, లోపలివాడి కత్తి ముందు మెడ వంచినట్టే. దొడ్డికీ దీనికీ ముడిపెట్టకండి. దొడ్డి ఇంటి వెనక జాగా, ‘దొడ్డిదారి’ అక్కడి నుంచి వచ్చింది.

మీ కొండ మీద మాత్రం అగడ్త వెతికితే దొరకదు, అవసరం లేదు. ఉదయగిరి దుర్గం 3,079 అడుగుల కొండ. మొదట కొండ పైన ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలుండేవి. పడమట నిట్టనిలువు కొండచరియ, ఎక్కగలిగిన తూర్పు దారుల మీదే వరస వరసలుగా గోడలు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెడితే ఒడిశా గజపతుల చేతిలోంచి ఆ కోట రావడానికి 1514 దాకా పట్టింది. గోడ ఎక్కడుందో దాంతో పాటు ఎక్కడ లేదో, ఎందుకు లేదో చూపిస్తే పిల్లలకు కోట అర్థమవుతుంది.

ప్రశ్న: ‘పెట్టని కోట’ అంటారు కదా. కోట కడతారు గానీ పెడతారా? (కందుకూరు నుంచి)

జవాబు: పెడతారు. మట్టి గోడను కట్టడం కాదు, పెట్టడమే. తొక్కిన బురదను ముద్దలుగా మూరెడు ఎత్తు వరసగా పెట్టి, అది ఎండాక దానిపై ఇంకో వరస పెడతారు. తొందరపడి పచ్చి వరస మీద వరస పెడితే కింది వరస పక్కకు ఉబ్బుతుంది. ఇప్పటికీ పల్లెల్లో ‘గోడ పెట్టించాను’ అనే అంటారు. ఎవరూ పెట్టకుండానే కొండో, ఏరో, అడవో కాపలా కాస్తే అది పెట్టని కోట. ఉదయగిరి పడమటి చరియ అలాంటిదే. మనుషులు కట్టిన దాన్ని పెట్టని కోట అనకూడదు. ‘కొత్త వంతెన ఊరికి పెట్టని కోట’ అని రాస్తే నవ్వుతారు.

ప్రశ్న: పెన్నకు వరదొస్తే ఒక పత్రికలో పొర్లుకట్ట అని, ఇంకో దాంట్లో కరకట్ట అని రాస్తారు. గండి, బుంగ, కోత కూడా ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నారు. తేడా ఏమిటి? (కోవూరు మండలం నుంచి ఒక రైతు)

జవాబు: పొర్లుకట్ట, కరకట్ట ఒకటే. కృష్ణ ఒడ్డున కరకట్ట అంటారు, పెన్న ఒడ్డున పొర్లుకట్ట అంటాం. మన మాటే వివరంగా ఉంది: ఏరు పొర్లితే ఊళ్ల మీదికి రాకుండా ఆపే కట్ట. ఇది ఏటికి వెంబడి నడుస్తుంది. ఆనకట్ట ఏటికి అడ్డంగా ఉంటుంది, దాని పని నీళ్ల మట్టం పెంచి కాలువలకు ఎక్కించడం. సంగం దగ్గర పాతది ఆనకట్ట, 2022లో ప్రారంభోత్సవం జరిగినది బ్యారేజీ. ఆనకట్ట మీద నుంచి వరద దూకిపోతుంది, బ్యారేజీలో గేట్లెత్తి వదలాలి. చెరువుకున్నది ఉత్త ‘కట్ట’. పొలంలో మడికీ మడికీ మధ్య ఉన్నది గట్టు, గెనెం. చెరువు నిండితే అదనపు నీళ్లు పోవడానికి కావాలనే తక్కువ ఎత్తులో కట్టి వదిలిన చోటు మనకు కలుజు, మిగతా చోట్ల అలుగు, తెలంగాణలో మత్తడి. కలుజు కాపాడుతున్నది కట్టనే. కలుజుకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి రెండడుగుల నీళ్లు ఎక్కువ నిలుపుకుందామనుకుంటే, ఆ నీళ్లు కట్ట మీదుగా దారి వెతుక్కుంటాయి. మట్టి కట్ట మీద నీళ్లు దూకితే నిలవదు.

ఇక దెబ్బల పేర్లు. ఇవి వరసలో వస్తాయి, అందుకే కలిపేయకూడదు. కట్టకు పొలం వైపు మొదట్లో నేల చెమ్మగిల్లి నీళ్లు ఊరితే అది ఊట. ఊట నీళ్లు తేటగా ఉన్నంతసేపు కంగారు లేదు. అవి మట్టి రంగుకు తిరిగాయంటే లోపల కట్టను తింటున్నాయి. కన్నం కనపడితే బుంగ. కట్టలో ఒక ముక్క మొత్తం పోయి ఏరు లోపలికి వస్తే గండి. కోత వేరు: ఏటి వైపు ప్రవాహం ఒరుసుకుని ఒడ్డు పెళ్లలుగా విరిగి పడటం. ‘గండి పడే ప్రమాదం’ అని రాయాల్సిన చోట ‘గండి’ అని రాస్తే ఊరు ఖాళీ చేస్తారు. ‘గండి’ అని చెప్పాల్సిన చోట ‘బుంగ’ అంటే పడుకుంటారు. పత్రికలవాళ్లు ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

బుంగ కనపడగానే చాలామంది చేసే తప్పు, పొలం వైపు నుంచి దాంట్లో గడ్డీ గుడ్డలూ కుక్కడం. అక్కడ మూస్తే నీళ్లు పక్కనే ఇంకో దారి చేసుకుంటాయి. సరైన పని, బుంగ చుట్టూ గుండ్రంగా ఇసుక బస్తాల దడి పేర్చి లోపల నీటిమట్టం పెరగనివ్వడం. ఇవతల నీళ్లు ఎత్తుకు లేచే కొద్దీ అవతలి నుంచి తోసే ఒత్తిడి తగ్గుతుంది. నీళ్లు తేటబడేదాకా ఎత్తు పెంచి, ఆపై నీళ్లు మెల్లగా పొర్లిపోయేలా ఒకవైపు వదిలేయాలి. బస్తాను మూడింట రెండు వంతులే నింపాలి. నిండుగా కుట్టిన బస్తా రాయిలా బిగిసి సందులు వదులుతుంది, కొంత ఖాళీ ఉన్నది ఒదిగి కూర్చుంటుంది. ఇటుక పేర్చినట్టు కింది రెండు బస్తాల అతుకు మీద పై బస్తా పడాలి. మూతి నీళ్ల వైపు ఉండకూడదు.

బుంగ ఎందుకు పడుతుందంటే ఎలుక బొరియలు, పీత కన్నాలు, ఎండి కుళ్లిన చెట్ల వేళ్లు. కట్ట మీద సర్కారు తుమ్మ పెరిగితే కోత ఆగుతుంది, మంచిదే అనుకుంటారు. కొట్టేశాక లోపల కుళ్లిన వేరు సొరంగమే అవుతుంది. కట్టకు గడ్డి చాలు, చెట్టు వద్దు. గండి పూడ్చినచోట మళ్లీ గండి పడటానికి కారణం సాధారణంగా ఒకటే: టిప్పర్లతో గుట్టగా పోసి పైన మాత్రం రోలర్ తిప్పడం. మట్టిని అరడుగు పొరలుగా పరిచి, తడిపి, ఒక్కో పొరనూ తొక్కించాలి. పాత కట్ట అంచును మెట్లుగా కోసి కొత్త మట్టిని దాంట్లోకి కలపాలి, లేకపోతే పాతకూ కొత్తకూ మధ్య నిలువు సందు మిగిలి నీళ్లకు దారవుతుంది.

2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది కదా, అదీ కట్టే కదా అని మీరడిగారు. మాటకు కట్టే. కానీ అది పట్టాలను మోయడానికి వేసింది, నీళ్లను ఆపడానికి కాదు.

ప్రశ్న: కంచె, వెలుగు, దడి, కంప అన్నీ ఒకటేనా? మా మూడెకరాలకు పందుల బెడద. ఏది వేస్తే మంచిది? (కనిగిరి ప్రాంతం నుంచి)

జవాబు: ఒకటి కాదు. దేన్ని ఆపుతుందో దాన్ని బట్టి పేరు. దడి చూపునూ కోళ్లనూ ఆపుతుంది. తాటిమట్టలు, కంది కట్టె, సరుగుడు కొమ్మలు నిలబెట్టి అడ్డ బద్దలతో కడతారు. గేదె ఒక్కసారి ఒరుసుకుంటే దడి పడిపోతుంది. తడిక దడి కాదు, వెదురు బద్దలతో అల్లి తీసి పెట్టుకునేది. వెలుగు అంటే ముళ్లకంప పేర్చి చేసేది, పశువును ఆపుతుంది. ‘ఎలుగు’ అని పలికేది దీన్నే, దీపం వెలుగుతో పని లేదు. కంప ఆ సరుకు పేరు. తుమ్మ, రేగు, చిల్లచెట్టు, ఏదైనా కంపే. మొదళ్లు లోపలికి, ముళ్లు బయటికి ఉండేలా వేసి, పైన బరువు కర్రతో అదిమి కట్టాలి. చెద పట్టి ఒకటి రెండేళ్లలో కూర్చుంటుంది. అందుకే ఏటా కొంత వేస్తూ పోతారు. కంచె వీటన్నిటికీ చెల్లే మాట. కిత్తనార, జెముడు నాటితే అది పచ్చ కంచె.

ముళ్లతీగ కంచెకు లెక్క: ఒకెకరం చదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పదడుగులకో రాతి కూసం చొప్పున 84. ఐదు వరసల తీగకు దగ్గర దగ్గర 1,270 మీటర్లు, అడ్డంగా వేసే ఇంటూ మార్కు తీగ వేరే. కూసం రెండడుగులు భూమిలో ఉండాలి. మూలల్లో, ప్రతి పదో కూసానికి ఏటవాలుగా ఊతం ఇవ్వకపోతే తీగ బిగించగానే కూసం లోపలికి ఒరుగుతుంది. మూడెకరాలంటే ఇవన్నీ మూడు రెట్లు చేయకండి. మూడూ కలిసి ఒకే చదరంగా ఉంటే చుట్టుకొలత 1,446 అడుగులే.

అయితే పందికి ముళ్లతీగ లెక్క కాదు. అది దూకే కంటే తవ్వుకుని దూరడమే ఎక్కువ. అట్టడుగు తీగ నేలకు ఆరంగుళాల లోపే ఉండాలి, లేదా వల కంచె అంచును అడుగు లోతున పాతిపెట్టాలి. సోలార్ కంచె పందిని బాగా ఆపుతుంది. దాంట్లో వచ్చేది క్షణంలో చిన్న ముక్క పాటు, సెకనుకో దెబ్బ చొప్పున కొట్టే ఝలక్. వోల్టు వేలల్లో ఉన్నా ఆ దెబ్బ మామూలుగా ప్రాణం తీయదు. ఇది సరిగా పనిచేయకపోతే రెండే కారణాలు చూడండి: గడ్డి తీగకు తగిలి కరెంటు నేలలోకి పోవడం, ఎండిన ఎర్రనేలలో ఎర్తు అందకపోవడం. వేసవిలో ఎర్తు రాడ్ల మొదట్లో నీళ్లు పోయాలి. మోటారు కరెంటును నేరుగా తీగకు తగిలించడం మాత్రం కంచె కాదు, ఉరి. ఆగకుండా వచ్చే ఆ కరెంటు పందితో పాటు తెల్లారి పొలానికొచ్చిన కూలీనీ చంపుతుంది. అది నేరం, జైలుకు పోతారు.

ప్రశ్న: ఇంటి చుట్టూ ఉన్నది ప్రహరీ, పైన ఉన్నది పిట్టగోడ. మేస్త్రీ మాత్రం ‘ప్రహరీ కాదమ్మా, రిటైనింగ్ కట్టాలి’ అంటున్నాడు. డబ్బు గుంజడానికా? (కావలి నుంచి ఒక గృహిణి)

జవాబు: మీ ప్లాటు రోడ్డు కంటే నాలుగడుగులు ఎత్తుకు గ్రావెల్ తోలించామని రాశారు. మేస్త్రీ చెప్పింది నిజమేనమ్మా. ప్రహరీ తన బరువు తాను మోసుకుంటే చాలు. పదడుగులకో తొమ్మిదంగుళాల పిల్లరు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ సరిపోతాయి. దాని వెనక మట్టి పోసిన రోజు నుంచి అది మట్టిని ఆపే అడ్డుగోడ. మట్టి తోపు పైన తక్కువ, కిందికి పోయేకొద్దీ ఎక్కువ. అందుకే ఇలాంటి గోడ అడుగున వెడల్పు, పైకి సన్నం. రాతి గోడయితే అడుగు వెడల్పు ఎత్తులో సుమారు సగం ఉండాలని మోటు లెక్క.

వీటిని పడగొట్టేది మట్టి కంటే నీళ్లు. వానకు గ్రావెల్ నానితే తోపు బాగా పెరుగుతుంది. ఐదడుగులకొకటి చొప్పున మూడు నాలుగంగుళాల పైపు ముక్కలు, బయటికి కొద్దిగా వాలుగా పెట్టించండి. వాటి వెనక చిప్స్, కంకర వేయకపోతే మట్టితో పూడుకుంటాయి. ఇల్లంతా అయ్యాక రంగులేసేవాడు వచ్చి అసహ్యంగా ఉన్నాయని ఆ కన్నాలకు సిమెంటు పూస్తాడు. ఆ పూత మీ గోడకు మొదటి శత్రువు, పక్కన నిలబడి చూసుకోండి.

పిట్టగోడలో పిట్ట అంటే చిన్నది, పిట్టకథలో లాగా. పక్షి వాలేది కనుక కాదు. చిన్నదన్నారని రెండడుగులు కట్టకండి, మిద్దె మీద కనీసం మీటరు ఎత్తుండాలి.

ప్రశ్న: అద్దంకి శాసనంలో కోటను కూల్చడానికి ఏ మాట వాడారు? (ఒంగోలు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ‘కట్టెపు దుర్గంబు గడు బయల్సేసి’ అని ఉంది. 848 నాటి తరువోజ ఛందస్సు పద్యం, తూర్పు చాళుక్యుల సేనాని పండరంగడు బోయకొట్టములు, అంటే బోయల స్థావరాలు, పన్నెండు గెలిచిన సంగతి. కూల్చాడని, పగలగొట్టాడని కాదు, బయలు చేశాడని. గోడ ఉన్నచోట బయలు మిగిలింది. ‘కడు’ అంటే మిక్కిలి. ఇప్పటికీ మనం ‘నేలమట్టం చేశారు’ అంటామే, దానికి వెయ్యేళ్ల ముందు మాట ఇది. కొట్టం అన్నది కోటకు చుట్టమే కావచ్చు. ఇప్పుడు మన ఊళ్లలో కొట్టం అంటే పశువుల పాక. రెండూ ఒకే మాటయితే కోట నుంచి గొడ్ల దాకా దిగినట్టే పాపం.

ప్రశ్న: ఎన్నికల వార్తల్లో ‘కంచుకోటకు బీటలు’ సరైనదేనా? బారికేడ్‌కు తెలుగు ఏమిటి? (నెల్లూరు నుంచి)

జవాబు: బీట వారేది ఎండిన మట్టి, రాయి, గోడ. కంచు పగులుతుంది గానీ బీట వారదు. ‘కంచుకోట పగిలింది’ అంటే ఎవరూ చదవరు కనుక బీటలు నడుస్తున్నాయి. కోటకు గండి అన్నా సరిపోతుంది, ‘గండి కొట్టడం’ పాత యుద్ధాల మాటే. బారికేడ్ ఫ్రెంచి మాట, పీపా అనే మాటలోంచి పుట్టింది. 1588లో పారిస్ జనం మట్టీ రాళ్లూ నింపిన పీపాలను వీధులకు అడ్డంగా దొర్లించారు. మన రోడ్ల మీది పసుపు రంగు ఇనుప చట్రాన్ని బారికేడ్ అనే అనండి. కానిస్టేబుల్‌కూ ఆటోవాడికీ తెలిసిన మాట అదే. ‘అడ్డుగోడ’ అని అనువదిస్తే గోడ కట్టారేమో అనుకుని ఊరంతా చుట్టి వెళతారు.